అత్తయ్యకి కట్టాల్సిన పళ్ళు

లోకం ఆ రోజు అంతం కాలేదని మీకు వేరే చెప్పక్కర్లేదు. అయి ఉంటే నేను రాసేదీ లేదు, మీరు చదివేదీ లేదు. కానీ అవుతుందనే అందరం నమ్మాం. పదకొండు రోజుల ముందు పెద్ద పెద్ద చదువులవాళ్ళు టీవీలో వరసగా కూర్చుని, ఆకాశంలోంచి కొండంత రాయి ఒకటి వస్తోందనీ, గురువారం సాయంత్రం నాలుగూ నలభైకి భూమికి తగులుతుందనీ చెప్పారు. మా వీధి చివరికి బస్సు ఏనాడూ చెప్పిన వేళకి వచ్చి ఎరగదు. రాయి మాత్రం నిమిషం తేడా లేకుండా వస్తుందని ఆ బస్సు కోసం రోజూ నిలబడేవాళ్ళే అందరికన్నా ముందు నమ్మారు.

చివరి రోజున మనుషులు ఏవో మహాకార్యాలు చేస్తారని నేను అనుకునేదాన్ని. మా ఆయన పొద్దున్నే లేచి స్కూటర్ కడగడం మొదలుపెట్టాడు. ఇప్పుడెందుకండీ అంటే, ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నానన్నాడు. ఎదురింటాయన తొమ్మిదేళ్ళ కిందట తీసుకెళ్ళిన మా నిచ్చెన తెచ్చి గోడకి ఆనించి, ఒక మెట్టు వదులైంది, చూసుకుని ఎక్కండని జాగ్రత్త చెప్పి మరీ వెళ్ళాడు. పక్కింటావిడ తోడికోడల్ని క్షమించడానికి ఫోన్ చేసింది. క్షమించాలంటే అవతలి మనిషి ఏం చేసిందో గుర్తుచేయాలి కదా. గుర్తుచేయడం మొదలుపెట్టేసరికి పాత గొడవ కొత్తగా అందుకుంది, మధ్యాహ్నం దాకా ఆ ఫోన్ దిగలేదు. మా ఆఫీసులో గురువారం సెలవు కావాలంటే అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. శనివారం అదనంగా పనిచేసి పూడ్చాలని షరతు రాసి మంజూరు చేశారు.

ఇక మా మామయ్య. మా అమ్మకి తమ్ముడు. కట్టుడు పళ్ళు చేస్తాడు. ఊళ్ళో నలుగురు దంతవైద్యులు నోళ్ళ కొలతలు తీసి పంపితే, ఇంటి వెనక గదిలో కూర్చుని వాటికి పళ్ళు కట్టి పంపడం ముప్ఫై అయిదేళ్ళుగా ఆయన పని. అందరూ పళ్ళ మేస్త్రీ అంటారు. ఆ ఇంటి పై వాటాలో మేముంటాం కాబట్టి ఆయన ఆకురాయి చప్పుడుతోనే నాకు తెల్లవారుతుంది. వీధిలో ఎవరైనా నవ్వితే చాలు, మామయ్య ముఖం కేసి కాదు, నోటికేసి చూసి, "పై వరస నాదే" అంటాడు. పెళ్ళిళ్ళకి పిలిస్తే వెళ్ళి, భోజనాల దగ్గర ఎవరెవరు ఎలా నములుతున్నారో చూసుకుని తృప్తిగా వస్తాడు. కూర ఎలా ఉందని అడిగితే చెప్పలేడు.

ఇంతటి మేస్త్రీ పెళ్ళానికి నోట్లో ఒక్క పన్ను లేదు. నాలుగేళ్ళ కిందట చిగుళ్ళ జబ్బు చేసి అత్తయ్యకి పైవీ కిందవీ అన్నీ పీకేశారు. పుండ్లు మానగానే మామయ్యే స్వయంగా కొలత తీసి, ప్లాస్టర్ అచ్చు పోసి, అలమరలో పై అరలో పెట్టాడు. ఆ అరలో అది పెద్దరికం సంపాదించుకుంది. దాని తర్వాత వచ్చిన అచ్చులన్నీ కింద అరల్లోంచి దిగి, పళ్ళు కట్టించుకుని, వాళ్ళ వాళ్ళ నోళ్ళకి వెళ్ళిపోయాయి. ఒకసారి డాక్టరుగారి అత్తగారివి తొందరన్నారు. ఒకసారి ఎవరిదో అరవయ్యేళ్ళ పెళ్ళికొడుకుది ముహూర్తం ముంచుకొచ్చింది. రిటైర్డ్ జడ్జిగారికైతే మూడు జతలు కట్టాడు. అత్తయ్య అడిగినప్పుడల్లా, "ఇంట్లో మనిషివే కదా, నువ్వెక్కడికి పోతావు?" అనేవాడు.

అత్తయ్య మాత్రం ఎక్కడికీ పోవడం మానేసింది. ఒకప్పుడు కూరగాయలబండి వాడితో ఆవిడ బేరమాడుతుంటే వినడానికి జనం కిటికీలు తెరుచుకునేవాళ్ళు. అలాంటి మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మూడు ముక్కల్లో మాట ముగించడం నేర్చుకుంది. తోబుట్టువుల ఇళ్ళకి వెళ్ళలేదు. ఫొటోల్లో లేదు. అన్నం మెత్తగా పిసుక్కుని, అందరూ తిన్నాక ఒక్కతే వంటింట్లో కూర్చుని తినేది. నాకు ఒళ్ళు మండేది. మామయ్యకి కనపడేది కాదు. ఆయనకి కనపడాలంటే నోట్లో పళ్ళుండాలి.

ఆ గురువారం నేను కిందికి దిగేసరికి అత్తయ్య పనిగది గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో దోర జామకాయ.

"ఏమండీ, నావి ఇవాళైనా కడతారా?" అంది.

"ఇవాళా?" అన్నాడు మామయ్య, గోడ గడియారం కేసి చూస్తూ.

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు? చచ్చేలోపు ఈ జామకాయ ఒక్కటి కొరకాలి. కోసుకుని కాదు, కొరికి. అంతకంటే నాకేం కోరికల్లేవు."

మామయ్య వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. మైనం మీద పళ్ళు పేర్చడం, దాన్ని ఇత్తడి డబ్బాలో ప్లాస్టర్ పోసి బిగించడం, మైనం కరిగించేసి దాని చోట గులాబీ రంగు ముద్ద కూరడం, గంటన్నర ఉడికించడం, చల్లార్చడం, అరగదీయడం. "నాలుగింటికి నీ నోట్లో ఉంటాయి" అన్నాడు. పై అర నుంచి అచ్చు దించాడు. ఉఫ్‌మని ఊదితే నాలుగేళ్ళ దుమ్ము లేచి ముందు ఆయనకే తుమ్ములొచ్చాయి.

నేను వంటింట్లోంచి కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకున్నాను. ఈయన్ని నమ్మి పైకి వెళ్ళే ధైర్యం లేకపోయింది. మంచిపనే చేశాను. పదింటికల్లా గేటు చప్పుడైంది. ఐదేళ్ళ కిందట పళ్ళు కట్టించుకున్న తపాలా ఆఫీసు పెద్దమనిషి వచ్చాడు. మాట్లాడితే టకటకమంటున్నాయట.

"ఐదేళ్ళనుంచి ఏం చేశారు?" అన్నాను.

"తీరిక దొరకలేదమ్మా" అన్నాడాయన. "పోయేముందైనా చప్పుడు లేకుండా నాలుగు మాటలు మాట్లాడుకోవాలని ఉంది, మా ఇంట్లోవాళ్ళతో."

ఇంతకాలం చప్పుడుతో ఏం మాట్లాడాడో ఆ ఇంట్లోవాళ్ళని అడగాలి. పంపించేద్దామని నేను లేచేలోగా మామయ్య చెయ్యి చాచేశాడు. "ఏదీ, చూడనీ" అన్నాడు. ఎవరి నోట్లోదైనా తన పని తప్పు చూపించిందంటే ఆయన ఆగలేడు. రాస్తాడు, పెట్టి చూస్తాడు, నమలమంటాడు, మళ్ళీ రాస్తాడు. నలభై నిమిషాలు పోయాయి. అత్తయ్య గడియారం ఎదురుగా కూర్చుని, జామకాయని అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పుతోంది.

ఆయన వెళ్ళాక మామయ్య పళ్ళు పేర్చడానికి కూర్చున్నాడు. అప్పుడు చూడాలి ఆయన్ని. నాలుగేళ్ళు ముట్టుకోనివాడు, ముట్టుకున్నాక ఒక్కో పన్నూ వెలుగులో పెట్టి రంగు చూసి ఎంచాడు. ముందు రెండు పళ్ళ మధ్య సన్న సందు వదిలాడు. "ఆవిడకి పుట్టుకతో ఉండేది" అన్నాడు నాతో, నేనేదో మర్చిపోయినట్టు. అంత కోపంలోనూ నాకు ఆయన మీద ఒక నిమిషం ప్రేమ పుట్టింది. మరుసటి నిమిషంలో ఫోన్ మోగి దాన్ని చెడగొట్టింది.

డాక్టరుగారు. వాళ్ళ అత్తగారి కింద వరస పగిలిందట, మనిషిని పంపించాను, కాస్త అతికించి ఇవ్వమని. ఆవిడకి తొంభై రెండేళ్ళు. ఆ నోటికి ఇంకా నాలుగున్నర గంటలే పని. పెట్టెయ్యండి ఫోన్ అని సైగ చేశాను. "అలాగే సార్, తప్పకుండా సార్" అన్నాడు మామయ్య, నిలబడి. ముప్ఫై అయిదేళ్ళ అలవాటు. ఆ డాక్టరు ఫోన్ చేస్తే ఆయన ఏనాడూ కూర్చుని మాట్లాడలేదు. ఇంకో అరగంట అలా పోయింది.

"మామయ్యా, లోకం పోతుంటే ఇంకా ఎవరికి భయపడుతున్నావు?" అన్నాను.

"భయం కాదే. మాట ఇచ్చాక చేయకపోతే ఎలా?"

"అత్తయ్యకిచ్చినది మాట కాదా?"

"ఆవిడ నా మనిషి" అన్నాడు. ఆ జవాబులో తప్పేముందో ఆయనకి నిజంగా తెలియదు.

మొత్తానికి ఒకటిన్నరకి ఇత్తడి డబ్బా నీళ్ళగిన్నెలోకి దిగింది. గంటన్నర ఉడకాలి. స్టవ్ ముందు ముగ్గురం కూర్చున్నాం. బయట వీధి హడావిడిగా ఉంది. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఇల్లు కడుగుతున్నారు, మా ఆయన స్కూటర్ టైర్లకి నల్లరంగు పూస్తున్నాడు. అత్తయ్య గిన్నెలోకి చూస్తూ, ఎవరితోనూ కాకుండా, "నలభై ఏళ్ళలో మీరు నాకోసం ఒక పని మీద ఇంతసేపు కూర్చోవడం ఇదేనండీ" అంది. దెప్పినట్టు లేదు. సంతోషంగానే అంది. మామయ్య లేచి మంట తగ్గించాడు. మంట అప్పటికి సరిగ్గానే ఉంది.

మూడింటికి దించాడు. చన్నీళ్ళలో ముంచెయ్యమన్నాను. ముంచితే వంకర పోతాయన్నాడు. అలా చల్లారేదాకా ముప్పావుగంట ముగ్గురం ఆ డబ్బాని చూస్తూ ఉండిపోయాం. మూడూ ముప్పావుకి చుట్టూ ఉన్న ప్లాస్టర్ పగలగొట్టి తీశాడు, అరగదీశాడు, గుడ్డచక్రం మీద పెట్టి మెరుపు తెచ్చాడు. నాలుగూ పదికి, చెప్పినదానికి పది నిమిషాలు ఆలస్యంగా, చేతులు కడుక్కుని, రెండు వరసలూ అత్తయ్య నోట్లో తనే పెట్టాడు.

ఏం చెప్పను. అత్తయ్య ముఖం తిరిగి వచ్చింది. లోపలికి పోయిన పెదాలు బయటికొచ్చాయి, బుగ్గలు నిండాయి. సన్న సందుతో ఆ పాత నవ్వు కనపడింది. ఒక్క క్షణం. ఆవిడ జామకాయ ఎత్తి, కళ్ళు మూసుకుని, కసుక్కున కొరికింది. కాయ నోటి దగ్గర్నుంచి కిందికి దించింది. పై వరస కాయతోపాటే దిగింది. పచ్చటి జామకాయకి పద్నాలుగు పళ్ళు, నవ్వుతున్నట్టు అతుక్కుని ఉన్నాయి. కింద వరస ఒళ్ళో పడింది.

నాకు నవ్వొచ్చింది, సిగ్గులేకుండా చెప్తున్నాను. కానీ మామయ్యని చూసి ఆగిపోయాను. ఆయన రంగు మారిపోయింది. కాయలోంచి వరసని ఊడదీసి, తిరగేసి, అత్తయ్య గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చిగుళ్ళు చూశాడు. అచ్చు చూశాడు. మళ్ళీ చిగుళ్ళు చూశాడు. పళ్ళు పోయాక చిగుళ్ళు ఏడాదికేడాదీ కరిగిపోతాయి, ఆర్నెల్ల కిందటి కొలతతో పళ్ళు కట్టమంటే నేను కట్టను పొమ్మని డాక్టర్లకే అచ్చులు తిప్పి పంపిన మనిషి ఈయన. నాలుగేళ్ళ నాటి అచ్చు దించి, దుమ్ము ఊది, దాని మీద పళ్ళు కట్టాడు. భార్య నోరు నాలుగేళ్ళ కిందట ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుందనుకున్నాడు. ఊళ్ళో ఇంకెవరి నోటి విషయంలోనూ ఆయన ఆ తప్పు చేసేవాడు కాదు.

"తప్పయిపోయింది" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

"పోనీండి" అంది అత్తయ్య. కాయ పక్కన పెట్టేసింది.

అప్పుడు మామయ్య చేసిన పని చూసి నేను కుర్చీలోంచి లేచాను. బొటనవేలు నోట్లో పెట్టుకుని, పై వరస ఊడదీశాడు. తర్వాత కింద వరస. ఆయనవీ కట్టుడు పళ్ళేనని పై వాటాలో పదిహేనేళ్ళు ఉండి కూడా నాకు తెలియదు. నిమిషంలో పదేళ్ళు పెద్దవాడైపోయాడు. ఆ రెండింటినీ కుళాయి కింద కడిగి, అరచేతిలో పెట్టి అత్తయ్య ముందుకి చాచాడు. ఏదో అన్నాడు. పళ్ళు లేని మాట, నాకు అర్థం కాలేదు. అత్తయ్యకి అర్థమైంది.

"ఛీ, మీ ఎంగిలి పళ్ళు నాకెందుకండీ!" అంది.

అని ఆగలేకపోయింది. కడుపు పట్టుకుని నవ్వింది. నాలుగేళ్ళు మూసిపెట్టిన నవ్వు, నోరంతా తెరిచి, చిగుళ్ళు కనపడేలా. మామయ్య చాచిన చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. లోకం పోతున్నందుకు కాదు. ఈ ముఖాన్ని ఇన్నాళ్ళు చూడలేదని అప్పుడు తెలిసింది పాపం ఆయనకి. నాకు అప్పటికి కోపం పోయింది.

నవ్వు తగ్గాక అత్తయ్య స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. "కొలత తీయండి" అంది.

నాలుగూ ఇరవై ఎనిమిది. ఇక ఎందుకని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. మామయ్య తన పళ్ళు కుళాయి గట్టు మీద పెట్టేసి, గిన్నెలో కొలత తీసే పొడి పోశాడు. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. రిటైర్డ్ జడ్జిగారు, ఇస్త్రీ కోటుతో. నాలుగో జత ఆయనది అలమరలో ఉంది, మెరుపు పెట్టడం ఒక్కటే తక్కువ. తిన్నగా పనిగదిలోకి వచ్చేశారు.

"ఏమయ్యా మేస్త్రీ, నా పళ్ళు అయ్యాయా? ఇంకో పది నిమిషాల్లో పై కోర్టుకి వెళ్తున్నాను. ఈ పాతవి వదులు. అక్కడ వాదించుకునేటప్పుడు ఊడిపడితే కేసు పోతుంది."

మామయ్య చెయ్యి ఆగింది. ముప్ఫై అయిదేళ్ళ అలవాటు ఆయన్ని లేపి నిలబెట్టబోయింది. నేను చూస్తూనే ఉన్నాను. కానీ గిన్నెలో నీళ్ళు పడ్డాయి. ఆ పొడి నీళ్ళు పడ్డాక ఎవరి కోసమూ ఆగదు. ఆయన గబగబా కలిపి, అచ్చుతట్టలో నింపి, అత్తయ్య పై దవడకి ఆనించి పట్టుకున్నాడు. గట్టిపడేదాకా కదలకూడదు. పైది తీశాక కిందది. జడ్జిగారు కోర్టులో ఏనాడూ అంత ఓపిక పట్టి ఉండరు. గోడకి ఆనుకుని నిలబడి, కోటు గుండీలు పెట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నారు.

నాలుగూ నలభై అయినప్పుడు కింది తట్ట అత్తయ్య నోట్లో ఉంది. మామయ్య రెండు చేతులూ ఆవిడ దవడ మీద ఉన్నాయి. ఆవిడ మాట్లాడలేదు, ఆయన కదల్లేడు. ఇద్దరూ ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటున్నారు. వీధిలో అన్ని చప్పుళ్ళూ ఆగిపోయాయి. మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడి, నల్లరంగు చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

నలభై ఒకటి అయింది. నలభై మూడు అయింది. మామయ్య తట్ట బయటికి తీసి వెలుగులో పెట్టి చూశాడు. వీధి చివర ఎవరో అరిచారు, ఆ తర్వాత అందరూ అరిచారు. పక్కింట్లో టీవీలో ఆ పెద్ద చదువులవాళ్ళే వచ్చి, రాయి పక్కనుంచి వెళ్ళిపోయిందనీ, లెక్కలో చిన్న తేడా వచ్చిందనీ, ఆ తేడా కూడా ఊహించినదేననీ చెప్తున్నారు. మా ఆయన స్కూటర్ దగ్గరికి పరుగెత్తాడు, తడిరంగు మీద ఎవరైనా చెయ్యి వేస్తారని.

జడ్జిగారు గట్టిగా ఊపిరి వదిలారు. వదిలిన మరుక్షణం గొంతు మారింది.

"సరేనయ్యా, ఇక నాది చూడు. పది నిమిషాల పనే కదా? ఇంట్లో అందరూ ఎదురుచూస్తుంటారు."

పది నిమిషాల పనే. ఆ మాట నిజం. కానీ నోట్లోంచి తీసిన కొలతలో వెంటనే ప్లాస్టర్ పోయకపోతే అది ముడుచుకుపోయి పనికిరాదు. మళ్ళీ ఎప్పుడో తీస్తాననుకోవాలి. ఆ ఎప్పుడో ఎన్నేళ్ళకి వస్తుందో ఆ గదిలో అందరికీ తెలుసు. లోకం మళ్ళీ ఉంది, డాక్టర్లున్నారు, జడ్జిగారున్నారు, రేపు పొద్దున్నకి ఆ గేటు ముందు క్యూ ఉంటుంది. నా గుండె గబగబా కొట్టుకుంది. రాయి కోసం కూడా అలా కొట్టుకోలేదు.

"ముందు ఆయనవి చూడండి, నిలబడి ఉన్నారు" అంది అత్తయ్యే, పెదాలకి అంటిన కొలత ముద్ద తుడుచుకుంటూ. ఆవిడకీ నాలుగేళ్ళ అలవాటు.

మామయ్య జడ్జిగారి వైపు తిరిగి ఏదో అన్నాడు. ఆయన పళ్ళు ఇంకా కుళాయి గట్టు మీదే ఉన్నాయి. గాలి తప్ప ఏమీ వినపడలేదు. అని, ప్లాస్టర్ డబ్బా మూత తీశాడు.

"ఏమంటున్నాడమ్మా?" అన్నారు జడ్జిగారు, నాతో.

నేను అత్తయ్యని చూశాను. ఆవిడకి అర్థమైంది, ముఖం చూస్తే తెలిసిపోతోంది. చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు. మామయ్య పెదాల కదలిక నాకూ అందింది.

"ముందు మా ఆవిడవి, తర్వాతే ఎవరివైనా అంటున్నాడండీ. మీరు కూర్చోవాలి" అన్నాను.

జడ్జిగారు ఒకసారి మామయ్యని, ఒకసారి గిన్నెలో పడుతున్న ప్లాస్టర్‌ని చూసి, కోటు సర్దుకుని నా కుర్చీలో కూర్చున్నారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఇంకోసారి చెప్పవే" అంది.